అనూహ్య ఎడమ చెయ్యి

నారాయణపేట ఇంకా జిల్లా కాలేదు అప్పటికి. ఏ పెద్ద పని పడ్డా మహబూబ్‌నగర్‌కు బస్సు ఎక్కాల్సిందే. ఆ ఎండాకాలం నేను ఆ బస్సులో తిరిగినన్ని సార్లు పెళ్లయ్యాక మొత్తం కలిపి నా పుట్టింటికి పోయి ఉండను.

అది జరిగిన పొద్దున మా వీధిలో పడుగు చాపారు. మాది నేతపనివాళ్ల వీధి. ఎండ ముదరకముందే నూలు పోగులను వీధి పొడవునా కర్రల మీద చాపి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఆ కాసేపు అది వీధి కాదు, మగ్గానిదే ఆ జాగా. మోటారు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు దిగి నడిపించుకుంటూ పోతారు. కుక్కలు కూడా గోడ పక్క నుంచే మర్యాదగా పోతాయి. పిల్లలకు మాత్రం ఆ పోగుల కింద నుంచి వంగి ఉరకడం పెద్ద ఆట.

మా అనూహ్యకు అప్పుడు ఆరేళ్లు. బడికి సెలవులిచ్చిన కొత్త. ఎదురింటి రమ వాళ్ల గడపలోంచి సర్రున పడుగు కిందికి దూరింది. కుంచె పట్టుకుని ఉన్న మా అత్త వెంకటనర్సమ్మ చూసి, గొంతెత్తి అరిచింది.

“పోగులు! పోగులు తెంపుతవే పిల్లా!”

అనూ ఉలిక్కిపడి పక్కకు దూకింది. పోగు ఒక్కటి కూడా తెగలేదు. తను మాత్రం మా ఇంటి ముందరి షాబాద్ బండ మీద, ఎడమ చెయ్యి కింద పెట్టుకుని పడింది.

వెంటనే ఏడవలేదు. లేచి కూర్చుని చెయ్యి వంక చూసుకుంది. మణికట్టుకు కాస్త పైన, ఎవరి చెయ్యీ వంగని చోట అది వంగి ఉంది. అది చూసుకున్నాక అరిచి ఏడ్చింది. పొయ్యి మీద పాలు వదిలేసి నేను వీధిలోకి వచ్చేసరికి మా అత్త ఇంకా కుంచె పట్టుకునే నిలబడి ఉంది. గంజి కారి ఆమె పాదాల మీద పడుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియడం లేదు.

నా మొగుడు నరహరి, నేను పిల్లను తీసుకుని మహబూబ్‌నగర్ పోయాము. ఎముకల డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నదే. మత్తిచ్చి, ఎముక సరిచేసి, మోచేతి పైదాకా ప్లాస్టర్ పట్టీ వేసింది. తెల్లటి పట్టీ చూసుకుని అనూ సాయంత్రానికల్లా గొప్పలు పోవడం మొదలుపెట్టింది. పెద్దవాళ్లం మేమే తిండి తినలేదు.

మర్నాటి నుంచి వీధి వీధంతా డాక్టర్లయ్యారు. ఒకామె నల్లేరు తెచ్చి పచ్చడి నూరి పెట్టమంది. ఒకాయన పొట్టేలు కాళ్ల పులుసు తాగించమన్నాడు. ఇంకొకామె కోడిగుడ్డు తెల్లసొన పట్టీ మీద రాయమంది. పట్టీ మీద రాస్తే లోపలికి ఎట్లా పోతుందో నేను అడగలేదు. అన్నింటికీ తలూపాను. నల్లేరు పచ్చడి మాత్రం మా అత్తే నూరింది. దాని దురదకు ఆమె చేతులు ఎర్రబడ్డాయి. నేను నూరుతానన్నా ఇవ్వలేదు.

మా అత్తకూ నాకూ అప్పటిదాకా పెద్ద గొడవలు లేవని చెప్పాలి. నేను కల్వకుర్తి పిల్లను. మాదీ నేత కులమే కానీ మా ఇంట్లో మగ్గం మా తాతతోనే పోయింది. మా అన్న శ్రీకాంత్ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. ఇంటర్ చదివి ఈ ఇంటికి వచ్చిన నేను మగ్గం మీద కూర్చుంటే చీర అంచు ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి పోయేది. “మంజుల నేసిన చీర గట్టిన ఆడామె సక్కగ నడిచినా వంకరగ నడిచినట్టె కనవడ్తది,” అని మా మామ సీతారాములు నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ ఇంట్లో వంకర అనే మాట నవ్వుతూ విన్నది అప్పటివరకే.

కొన్ని వారాలకు చేతికి మళ్లీ ఎక్స్‌రే ఫోటో తీశారు. డాక్టరమ్మ ఆ నల్లటి ఫిల్ముని కిటికీ వెలుతురులో పట్టుకుని చూపించింది. ఎముక అతుక్కుంటోంది కానీ తిన్నగా లేదు. కాస్త వంగి ఉంది.

“వాపు దిగినంక పట్టీలోపల కొంచెం జరిగిందమ్మా. పిల్లలకు అవుతది ఇట్ల,” అంది.

“మరి మళ్ల సరిచేస్తరా?” అని నరహరి అడిగాడు.

“వద్దు. ఇదే వంకర మీకో నాకో ఉంటే ఊరుకోం. పిల్లలది వేరు. మణికట్టు దగ్గర ఎముక పెరిగే జాగ ఉంటది. పిల్ల పెరుగుతుంటే ఎముక దానంతటదే సక్కగైతది. వంగిన లోపలి దిక్కు కొత్త ఎముక నిండుతది, బయటి దిక్కు మెల్లమెల్లగ అరుగుతది. ఏడాది, ఏడాదిన్నర పడుతది. ఇప్పుడు మళ్ల విరిచి పెడితే మంచి కన్న చెడే ఎక్కువ.”

“ఈ మాట ఒక కాయితం మీద రాసిస్తరా మేడమ్?” అన్నాను నేను.

ఆమె నవ్వింది. “రాసిస్తే పనిచేసే మందు కాదమ్మా ఇది. ఓపిక కావాలె, గంతే.”

ఆమెకేం, నవ్వుతుంది. ఆ మాట మోసుకుని ఇంటికి పోవాల్సింది నేను. బస్సులో నరహరి “నీకు నమ్మకం కలిగిందా?” అని అడిగాడు. కలిగిందన్నాను. నిజానికి సగమే కలిగింది. మిగతా సగం నేనే గట్టిగా పట్టుకున్నాను.

మే నెల ఆఖర్లో పట్టీ విప్పారు. లోపలి నుంచి వచ్చిన చెయ్యి మా పిల్లది కానట్టు ఉంది. సన్నబడిపోయింది. చర్మం పొట్టు రాలుతోంది. విరిగిన చోట బొటనవేలితో తడిమితే తగిలేంత గడ్డ. దాని పక్కనే, దాచినా దాగని వంకర. పట్టీ ఉన్నన్నాళ్లూ అది ఒక ఫోటోలో ఉంది. ఇప్పుడు ఇంట్లోకి వచ్చింది.

మా మామ అనూను మగ్గం దగ్గరికి పిలిచాడు. నేస్తున్న చీర ఎర్రంచు పక్కన ఆ పిల్ల చెయ్యి చాపించి చూశాడు. అంచు తిన్నగా ఉంది. చెయ్యి లేదు. ఆయన మొహం వాడిపోయింది. మనవరాలి చెయ్యి మీద ఒకసారి నిమిరి లేచి బయటికి పోయాడు.

మా అత్త అప్పుడే తీర్మానం చేసేసింది.

“మక్తల్ తొవ్వల హనుమంతు ఉన్నడు. కట్టు కట్టుట్ల ఆయన చెయ్యి పెద్దది. మళ్ల విరిచి సక్కగ వెడతడు. నరహరికి చిన్నప్పుడు కాలు విరిగితె ఆ హనుమంతు నాయినే కట్టిండు. జూడు, ఎట్లున్నదో కాలు!”

నరహరి కాలు నిజంగానే చక్కగా ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టు అది దానంతటదే చక్కబడిందేమో ఎవరికి తెలుసు అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“దానంతటదే అయితదా?” మా అత్త గొంతు పెరిగింది. “తప్పు వడ్డప్పుడే విప్పాలె మంజులా. నాలుగు పోగులు విప్పితె పోయేదానికి, రేపు జూద్దామని కూసుంటె బట్ట దోనె కర్రకు సుట్టుకపోతది. సుట్టుకున్నంక ఏం విప్పుతవ్? ఎముక ఇంక పచ్చిగనే ఉన్నది. ఇప్పుడు గాకుంటె ఇంకెప్పుడు గాదు.”

ఆ మాటలో ఏ లోపమూ లేదు. వాళ్లు పుట్టినప్పటి నుంచి చేసిన పని అదే. అంచులో ఒక్క పోగు తప్పినా నేసినంత మేర వెనక్కి విప్పి మళ్లీ నేస్తారు. వదిలేస్తే ఆ తప్పు మడతల్లోకి పోయి చీరతోపాటే ఉండిపోతుంది. నూలు విషయంలో అది నిజం. కానీ నూలు పెరగదు, పిల్ల పెరుగుతుంది. ఆ తేడా ఎట్లా చెప్పాలో నాకు రాలేదు. “అత్తమ్మా, వద్దు. డాక్టరమ్మ వద్దన్నది,” అని మాత్రం అన్నాను. అదే మాట ఎన్నిసార్లు అన్నానో, అన్న కొద్దీ దాని బలం తగ్గింది.

“ఆడపిల్ల. రేపు నలుగుర్ల చెయ్యి సాపితె అందరు జూడరా?” అంది ఆమె.

“జూడనీ. విరగ్గొట్టనియ్య.”

అదే ఆఖరు మాట. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

మాట్లాడకపోవడం తిట్టుకోవడం కంటే కష్టమని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, గిన్నెల చప్పుడు, నడుమ నా పేరు పిలిచే గొంతు ఒక్కటీ లేదు. కంచంలో అన్నం ఉండేది, పక్కన మనిషి ఉండేది కాదు. మా మామ ఎప్పుడైనా “ఎండ మస్తు గొడ్తాంది” అనేవాడు, అది నాతో అన్నాడో గోడతో అన్నాడో తెలిసేది కాదు. రమ మొదట్లో వచ్చి కూర్చునేది. మా అత్త మొహం చూశాక ఆమె కూడా గడప అవతలి నుంచే పలకరించి పోయేది. నల్లా దగ్గర ఆడవాళ్లు అనూ చెయ్యి చూసి, నన్ను చూసి, బిందెలు ఎత్తుకునేవాళ్లు.

అన్నకు ఫోన్ చేశాను. అమ్మ పోయాక నాకు పుట్టింట్లో ఉన్నది ఆయనే.

“వాళ్లంత పెద్దోళ్లు మంజుల. ఒకటి జెప్తె ఇనాలె. నువ్వు ఆడ బతకాల్సినదానివి,” అన్నాడు.

“పిల్ల చెయ్యి అన్నా.”

“నేను వాళ్లింట్ల మాటల్ల వడలేను చెల్లె. జర నువ్వే సూస్కో,” అని పెట్టేశాడు. వెనక దుకాణంలో ఎవరో ఫోన్ పాట మోగిస్తున్నారు. అది ఆగేదాకా చెవి దగ్గర ఫోన్ అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

నరహరి చెడ్డవాడు కాదు. తల్లి మాటకూ పెళ్లాం మాటకూ నడుమ దాక్కోవడానికి మగ్గం గుంటను మించిన జాగా లేదు. పొద్దంతా అందులో కూర్చునేవాడు. “ఇంట్ల అందరం ఒకటంటుంటె నువ్వొక్కదానివే ఒకటంటవు. నీకు భయం గాదా?” అన్నాడు ఒకరోజు అన్నం కలుపుతూ. భయం కాకపోవడమేమిటి! రోజూ తెల్లారి ఆ పిల్ల నిద్ర లేవకముందే చెయ్యి పట్టుకుని చూసేదాన్ని. వంకర అట్లాగే ఉండేది. నాలుగు దినాల్లో ఏం మారదని తెలుసు. అయినా చూసేదాన్ని. ఒకవేళ డాక్టరమ్మే పొరపడితే? పెద్దదయ్యాక ఈ పిల్ల నన్ను నిలబెట్టి అడిగితే? నాకే పూర్తిగా నమ్మకం లేని మాటకు కాపలా కాస్తూ ఆ దినాలన్నీ గడిపాను.

కాపలా అంటే నిజంగానే కాపలా. నల్లాకు పోతే వెంట తీసుకుపోయేదాన్ని. రేషను దుకాణానికి పోతే వెంట. అనూ విసుక్కునేది. “నేను అవ్వ దగ్గర ఉంట. అవ్వ నాకు నూలు కండె చుట్టుడు నేర్పిస్తనన్నది,” అనేది. అవ్వ కూడా ఆ పిల్లతో ప్రేమగానే ఉండేది. ఒళ్లో కూర్చోబెట్టుకునేది. ఆ చేతి మీద నూనె రాసేది. రాస్తూ రాస్తూ గడ్డ దగ్గర వేలు ఆపి, అక్కడే ఉంచేది. ఆమె మొహంలో అప్పుడు ఏముండేదో నేను చూడలేదు. వేలినే చూసేదాన్ని, నొక్కుతుందేమోనని.

బళ్లు తెరిచే ముందు ఒక ఆదివారం. తలంటు పోసుకుని బయటికి వచ్చాను. ఇంట్లో అనూ గొంతు లేదు. వంటింట్లో లేదు, వీధిలో లేదు. మా అత్త చెప్పులు లేవు. మామ ఊళ్లో లేడు. నరహరి మగ్గంలో ఉన్నాడు.

“అనూ ఏది?”

ఆయన తలెత్తలేదు. “అమ్మ తీస్కవోయింది.”

“యాడికి?”

మగ్గం ఆగలేదు. పోగు పట్టుకుని నాడా ఇటు నుంచి అటు పోయింది, అటు నుంచి ఇటు వచ్చింది. ఇంకోసారి అడగాల్సిన పని లేకపోయింది.

తడి జుట్టు ముడేసుకుని ఉరికాను. బస్టాండులో మక్తల్ వైపు బస్సు అప్పుడే పోయిందన్నారు. జనాన్ని కుక్కుకుని పోతున్న ఆటోలో సగం బయటికి వేలాడుతూ కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన ఎందుకమ్మా ఏడుస్తున్నావని అడిగాడు. ఏడుస్తున్నానని నాకు తెలియదు. తొవ్వ పొడుగునా నాకు ఒకటే చప్పుడు వినపడింది, పచ్చి కొమ్మ విరిచినప్పటి చప్పుడు. అది నేను ఊహించుకున్నదే. అయినా చెవులు మూసుకున్నాను.

హనుమంతు ఊరి దగ్గర ఆటో మలుపు తిరిగేసరికి, రోడ్డు పక్క బస్సు షెల్టరులో వాళ్లిద్దరూ కనిపించారు. మా అత్త సిమెంటు అరుగు మీద కూర్చుని ఉంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పక్కన అనూ ముంజకాయ తింటోంది. ఎడమ చేత్తోనే పట్టుకుని తింటోంది.

ఆటో ఆగీ ఆగకముందే దూకి ఆ చెయ్యి పట్టుకున్నాను.

“నొస్తది అమ్మా, మెల్లగ వట్టు,” అంది అనూ.

వెదురు బద్దలు లేవు, కట్టు లేదు. చెయ్యి పొద్దున ఎట్లా ఉందో అట్లాగే, అదే వంకరతో ఉంది. ఆ వంకరను చూసి అంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు.

“హనుమంతు తాత మంచోడే అమ్మా,” అని అనూ చెప్పుకుపోయింది. “నా చెయ్యి ఇట్ల తిప్పి జూసిండు. వెదురు బద్దలు వెట్టిండు. అవ్వను నా భుజం గట్టిగ వట్టుకొమ్మన్నడు. అవ్వ వట్టుకోలే. తాత మళ్ల జెప్పిండు. అయినా వట్టుకోలే. లేసి బయటికి వచ్చింది. తర్వాత నాకు ముంజలు కొనిచ్చింది.”

మా అత్త కొంగు తీసింది. నాతో మాట్లాడక ఎన్నాళ్లయిందో, ఆ గొంతు నాకు కొత్తగా వినపడింది.

“ఆ దినం నా నోరు,” అంది. “ఇయ్యాల నా చేతులు. నాతోని కాలే మంజులా.”

అంతే అంది. అప్పుడు నాకు అంతా తెలిసింది. ఆమె చక్కబెట్టాలని చూసింది పిల్ల చేతిని మాత్రమే కాదు. పడుగు దగ్గర అరిచిన ఆ అరుపును వెనక్కి విప్పాలని చూసింది. ఇంట్లో ఎవరమూ ఆ మాట ఆమెతో అనలేదు. ఆ చెయ్యి కనిపించినప్పుడల్లా ఆమెతో ఆమే అనుకుంది.

నేను ఆమె పక్కన కూర్చోవచ్చు. భుజం మీద చెయ్యి వేయవచ్చు. నేను వేయలేదు. పిల్లను ఎత్తుకుని అరుగు ఆ చివరికి పోయి కూర్చున్నాను. బస్సు వచ్చింది. నేను ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో. దిగాక కూడా ఆమె మా వెనక చాలా దూరంగా నడిచింది.

“ఏం కాలే గదా,” అన్నాడు నరహరి ఇంటికి పోగానే.

“ఏం కాలేదు. అందుకే ఇంకా నీతోని మాట్లాడుతున్న,” అన్నాను. “వేరే ఇల్లు చూడు. కిరాయిది ఏదైనా సరే.”

మామ సాయంత్రం వచ్చి విషయం విన్నాడు. “పిల్లను అప్పుడప్పుడు తోలియ్యి బిడ్డా,” అని మాత్రం అడిగాడు. సరే అన్నాను. బడి తెరిచే నాటికి రెండు వీధుల అవతల ఒక గది, చిన్న వంటిల్లు దొరికాయి. నరహరి పొద్దున మగ్గానికి పోయేవాడు, పొద్దుగూకాక గదికి వచ్చేవాడు. రెండిళ్లలోనూ సగం మనిషే ఉండేవాడు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ పిల్లను మళ్లీ ఆ ఇంట్లో వదిలి స్నానానికి పోగలిగే ధైర్యం నాకు లేదు. కానీ కొత్త ఇంట్లో మొదటి పొద్దున లేచి కూర్చుంటే చుట్టూ ఏ చప్పుడూ లేదు. మా అత్త నాతో మాట్లాడని ఇల్లే నయమనిపించింది. అక్కడ కనీసం ఆమె గిన్నెలైనా మోగేవి.

చెయ్యి ఎప్పుడు చక్కబడిందో చెప్పలేను. రోజూ చూసినదాన్ని, ఎప్పుడో చూడటం మానేశాను. బడి, హోంవర్కు, జడలు, జ్వరాలు. మరుసటి ఏడు వానలు పోయి చలి మొదలయ్యాక ఒకనాడు అనూ ఎండలో కూర్చుని నాకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. రెండు చేతులూ చాపి ఇచ్చింది. రెండూ ఒకేలా ఉన్నాయి. నేను సూది తీసుకోకుండా ఆ చేతులే చూస్తూ ఉండిపోయాను. డాక్టరమ్మ అన్నట్టే, ఎవరూ ముట్టకుండా, ఎవరికీ చెప్పకుండా, లోపల ఎముక తన పని తను చేసుకుపోయింది.

ఆ రోజు నరహరికి చూపించాను. “అవును, సక్కగైంది,” అని సంతోషపడి, అన్నానికి కూర్చున్నాడు. నాకది సరిపోలేదు. ఆ చెయ్యి పట్టుకుపోయి చూపించాలనిపించిన మనిషి ఒక్కతే ఉంది. రెండు వీధుల అవతల ఉంది. చెప్పులు వేసుకున్నాను కూడా. గెలిచానని చెప్పడానికి వచ్చిందనుకుంటుందని మళ్లీ విప్పేశాను.

అట్లా ఏళ్లు పోయాయి. నారాయణపేట జిల్లా అయింది. కరోనా వచ్చి మగ్గాలు ఆగాయి, మళ్లీ ఆడాయి. అనూ పండుగలకు అవ్వ దగ్గరికి పోయి వచ్చేది. “అవ్వ నాకు అన్ని చేసిపెడ్తది కానీ దగ్గరికి తీస్కోదు,” అనేది. నేను పెళ్లిళ్లకూ చావులకూ ఆ గడప తొక్కి, నలుగురిలో కూర్చుని లేచి వచ్చేదాన్ని. మా అత్తా నేనూ “తిన్నవా?”, “తిన్న” అనుకునేవాళ్లం.

మొన్న ఎండాకాలం మా చిన్నమామ బిడ్డ మనీష పెళ్లి. లగ్గానికి ముందు దినం మా అత్తగారింటి అరుగు మీద గాజులామె బుట్ట దింపింది. ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. అనూకు ఇప్పుడు పదమూడు, నా భుజం దాటింది. గాజులామె చేతులు ఖాళీ లేక, “జర నువ్వు తొడుగు పెద్దమ్మా,” అని డజను ఎర్ర గాజులు మా అత్తకిచ్చింది. అనూ వెళ్లి ఆమె ముందు కూర్చుని చెయ్యి చాపింది. ఎడమది. కుడిచేతిలో ఫోన్ ఉంది మరి.

మా అత్త ఆ చెయ్యి వెంటనే పట్టుకోలేదు. పట్టుకున్నాక గాజు తొడగలేదు. బొటనవేలితో మణికట్టు పైన మెల్లగా తడిమింది. కిందికి పోయి మళ్లీ పైకి వచ్చింది. ఇంకాస్త పైకి పోయి వెతికింది. చుట్టూ ఆడవాళ్లు గాజుల బేరాల్లో ఉన్నారు. ఎవరూ చూడటం లేదు, నేను తప్ప.

ఆమె తలెత్తి నా కోసం చూసింది.

“ఎడమదే గదా?” అంది.

“ఎడమదే అత్తమ్మా.”

“ఏం దొర్కుతలేదు.”

“దొర్కదు. పోయింది.”

“ఏంది అవ్వా పోయింది?” అంది అనూ ఫోన్‌లోంచి తలెత్తకుండానే. దానికి ఏ చెయ్యి విరిగిందో కూడా గుర్తు లేదు. మా ఇద్దరికే గుర్తుంది. ఇంత పెద్ద ఊళ్లో ఆ సంగతి మోస్తున్నవాళ్లం ఇద్దరమే మిగిలాం, ఇన్నేళ్లూ ఆ ఇద్దరమే మాట్లాడుకోలేదు.

మా అత్త గాజులు తొడిగింది. లేత చెయ్యి, ఒక్కొక్కటీ జారుకుంటూ పోయింది. ఆఖరి గాజు ఎక్కాక కూడా ఆ చెయ్యి కాసేపు వదలలేదు. అనూ గుంజుకుని లేచి మనీషకు చూపించడానికి ఉరికింది. నేనూ లేవబోయాను, ఎప్పటిలాగే.

“నువ్వేడికి?” అంది మా అత్త. “కూసో. చెయ్యి ఇటియ్యి.”

కూర్చుని చాపాను. ఆమె నా వేళ్లు దగ్గరికి కూడదీసి గాజు ఎక్కించబోయింది. పెద్ద ఎముక, ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించింది. నా పిడికిలి నాకు తెలియకుండానే బిగుసుకుని ఉంది.

“గట్ల బిగవట్టకు పిల్లా,” అంది. “గాజు పలుగుతది. జర వదులు.”

వదలడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆమె గాజు పట్టుకుని అట్లాగే ఆగింది.